సగం డాక్టరు కోటు

మా క్లినిక్కులో ఎవరు ఎవరో కోటు పొడుగు చూసి చెప్పేయవచ్చు. మోకాళ్ళు దాటితే డాక్టరు. నడుము దిగి జానెడు దగ్గర ఆగిపోతే నర్సు ప్రాక్టీషనర్. అసలు కోటే లేకపోతే నేను, ఆయాను. పెద్దాసుపత్రి వాళ్ళు పెట్టిన రూలు అది. రోగులు పొరపాటు పడకూడదట.

నర్సు ప్రాక్టీషనర్ అంటే నర్సు చదువు మీద మళ్ళీ చదివి, రోగిని తానే చూసి, మందు తానే రాసే అధికారం తెచ్చుకున్న మనిషి. వారంలో ఐదు రోజులు క్లినిక్కులో ఆమెదే రాజ్యం. గురువారం మాత్రం పెద్దాసుపత్రి నుంచి డాక్టరు వస్తాడు. రెండు గంటలు కూర్చుని, టీ తాగి, ఐదు రోజుల పనికి వంకలు పెట్టి వెళ్ళిపోతాడు. అతన్ని మేమందరం గురువారం డాక్టరు అనే అంటాం.

ఈ సంగతి జరిగేనాటికి పదకొండేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నది పెద్దామె. ఏడాది కిందట ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి చిన్నామె వచ్చింది. ఇద్దరూ తోడికోడళ్ళు. ఒకే ఇంట్లో కాపురం, ఒకే అత్త. మధ్యాహ్నం క్యారేజీ తేవడానికి నేనే ఆ ఇంటికి వెళ్ళేదాన్ని కాబట్టి ఆ అత్తగారి నోరు నాకు బాగా తెలుసు. క్యారేజీ గిన్నెలు సర్దుతూ ఆవిడ అనేది, "ఒకతె సగం, ఇంకొకతె పావు. ఇద్దర్నీ కలిపినా ఒక పూర్తి డాక్టరు అవదు. వండేది మాత్రం నేను ఒక్కదాన్నే."

సగం అన్న మాట ఆవిడది కాదు, మా వీధి దర్జీది. దాని వెనక చిన్న కథ ఉంది.

పెద్దామె కోట్లన్నీ ఆ దర్జీయే కుట్టేవాడు. రెండేళ్ళ కిందట కొత్త కోటు కుట్టించుకుంటూ, "ఈసారి రెండంగుళాలు కిందికి పెట్టండి, ఎవరూ టేపు పెట్టి చూడరు" అని అతని చెవిలో చెప్పింది. అతను పెట్టాడు. ఆ గురువారమే డాక్టరు పట్టేశాడు. గదినిండా రోగులు ఉండగా, "ఏం సిస్టర్, కోటు పెరుగుతోందే. ఎరువేమైనా వేస్తున్నారా?" అన్నాడు. మేడమ్ అనడు, పేరు పెట్టి పిలవడు, ఎప్పుడూ సిస్టరే. మర్నాడు ఆమె కోటు నాకిచ్చి దర్జీ దగ్గరికి పంపింది. అతను అంచు మడిచి మళ్ళీ పైకి కుట్టేసి, నవ్వుతూ, "సగం డాక్టరుకి సగం కోటే రాసిపెట్టి ఉంది, మనమేం చేస్తాం ఆయా" అన్నాడు. చెడ్డగా అనలేదు. ఎవరి గురించైనా అతను అలాగే అంటాడు. కానీ ఆ మాట వీధంతా పాకింది. ఎదురుగా డాక్టరమ్మ, వెనకాల సగం డాక్టరు. ఒకనాడు కిటికీ పక్క బెంచీ మీద ఎవరో అంటుంటే పెద్దామె లోపల్నుంచి విన్నది. ఎవరు మొదలుపెట్టారని నన్నడిగింది. నేను చెప్పేశాను. నా ఉద్యోగం ఏటికేడు పొడిగించే కాగితం మీద సంతకం పెట్టేది ఆమే కదా.

ఇక చిన్నామె సంగతి. ఆమె పెద్దాసుపత్రి వార్డులో పద్నాలుగేళ్ళు నర్సుగా చేసింది. నిలబడీ నిలబడీ పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బి ఉండేవి. కుర్చీలో కూర్చుని చేసే పని కావాలనే ఈ చదువులో చేరింది. రాత పరీక్ష నెగ్గింది. మిగిలింది పుస్తకం ఒక్కటే. రెండు వందల మంది రోగులను చూడాలి, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ రాయాలి, ప్రతి పేజీ మీదా పనిలో ఉన్న నర్సు ప్రాక్టీషనర్ సంతకం ఉండాలి. ఏడాది లోపల పుస్తకం నిండకపోతే చదువంతా రద్దు. నలభై దాటితే మళ్ళీ చేరనివ్వరు. ఆమెకు ముప్పై తొమ్మిది. మా ఊళ్ళో ఆ సంతకం పెట్టగల మనిషి ఒక్కతే, సొంత తోడికోడలు.

"ఇంట్లో మనిషే ఉండగా నీకేం దిగులు" అన్నారట అందరూ.

మొదటిరోజే చిన్నామె కోసం నేను స్టూలు తెచ్చి వేశాను. పెద్దామె దాన్ని చూసి, "అది అక్కడ పెట్టెయ్ ఆయా. నేర్చుకునేవాళ్ళు నిలబడితేనే చదువు వంటబడుతుంది" అంది. ఆ స్టూలు ఏడాదంతా నా గదిలో చీపురు పక్కన ఉంది. చిన్నామె ఏడాదంతా గోడకు ఆనకుండా నిలబడింది. సాయంత్రం పేజీలు చూపిస్తే పెద్దామె ఎర్ర పెన్ను తీసేది. అక్షరాలు వంకర అని ఒకరోజు, వరస తప్పింది అని ఒకరోజు, ఏమీ దొరక్కపోతే కాగితం నలిగింది అని ఇంకోరోజు, పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టేసేది.

"ఇంకోటి రాయి. రోగులకేం కొదవ, రేపూ జబ్బు పడతారు."

"సరే అక్కా" అనేది చిన్నామె. మారు మాట ఉండేది కాదు. ఆ సరే వింటుంటే నాకు ఒళ్ళు చల్లబడేది. అంత మెత్తగా సరే అనే మనిషిని నమ్మకూడదని మా అమ్మ అనేది.

ఒకసారి పెద్దాసుపత్రి నుంచి ఏటా వచ్చే కాగితం వచ్చింది. పనిలో తృప్తి ఎంత ఉందో టిక్కు పెట్టి పంపాలి. అసలు లేదు, కొంచెం, ఫరవాలేదు, బాగానే, చాలా, ఇలా అయిదు గళ్ళు. పెద్దామె చూడకుండానే చివరి గడిలో టిక్కు పెట్టింది.

"నిజంగా అంత తృప్తిగా ఉందా అక్కా?" అంది చిన్నామె.

"తృప్తి అన్నం దగ్గర ఉంటుంది, ఉద్యోగంలో ఎందుకుంటుంది? తక్కువ గడిలో పెడితే ఎందుకు తక్కువని మీటింగు పెడతారు. మీటింగులో ఆ గురువారంవాడి మొహమే చూడాలి." కాగితం మడిచి నాకిచ్చింది. "వార్డులో ఉండగా ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని, నువ్వు రాకపోతే నిద్ర పట్టదమ్మా అనేవాడు. ఇక్కడ పదకొండేళ్ళలో ఒక్కడూ అనలేదు. అందరూ, అసలు డాక్టరు ఎప్పుడొస్తాడు అనే అడుగుతారు."

"మరి మళ్ళీ వార్డుకి వెళ్ళిపోవచ్చు కదా."

"వెళ్ళి? నిలబడమంటావా, నీలాగా?"

ఇద్దరూ నవ్వారు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

పుస్తకంలో ఇంకో మెలిక ఉంది. రెండు వందల పేజీల్లో పది ప్రత్యేకంగా ఉండాలి. ఇది మన చేతిలో అయ్యేది కాదు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి అని గుర్తుపట్టిన కేసులు. కాలేజీవాళ్ళు మిగతావి తిరగేస్తారు, ఆ పది మాత్రం చదువుతారు. చిన్నామెకు గడువు వారం వచ్చేసరికి నూట తొంభై తొమ్మిది పేజీలయ్యాయి. ఆ పదిలో తొమ్మిదే అయ్యాయి. ఎందుకంటే పెద్దామె రోగులను పంపడం మానేసింది. అంతకు ముందు నెల ముగ్గురిని పంపింది. ముగ్గురికీ ఏమీ లేదని తిప్పి పంపేశారు. గురువారం డాక్టరు టీ చప్పరిస్తూ, "నువ్వు పంపినవాడు బస్సు దిగి, మా క్యాంటీన్లో టీ తాగి, నవ్వుకుంటూ వచ్చాడు సిస్టర్. ఎవరొస్తే వాళ్ళని పంపించడానికైతే ఇక్కడ నువ్వెందుకు, ఒక పోస్టు డబ్బా పెడితే చాలదా?" అన్నాడు.

శనివారం గడువు. ఆ సోమవారం దర్జీ వచ్చాడు.

కుంటుకుంటూ మూడు మెట్లూ ఎక్కి, గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. అతనికి చక్కెర జబ్బు ఉందని మాకందరికీ తెలుసు.

"ఏమిటి దర్జీగారూ, కత్తెర ఇవాళ మీమీదే తిరిగిందా?" అంది పెద్దామె, కుర్చీలోంచి లేవకుండా.

"కత్తెర కాదమ్మా, మిషను కింద తొక్కే ఇనప పలక. బొటనవేలి కింద కోసుకుంది. వారమైంది. ముందు నొప్పి పుట్టేది, ఇప్పుడు నొప్పి కూడా లేదు. బరువుగా ఉంది, కాలు నాది కానట్టుగా."

పాదం వాచి నిగనిగలాడుతోంది. పెద్దామె బల్ల ఇవతలి నుంచే చూసింది. చిన్నామె వంగి, రెండు వేళ్ళతో మడమ పైన నొక్కింది. ఆగింది. ఇంకోచోట నొక్కింది. నేను పక్కనే బకెట్టులో గుడ్డ పిండుతున్నాను. ఆమె మొహంలో రంగు మారడం చూశాను.

"అక్కా, ఒక్కసారి నొక్కి చూడు. చర్మం కింద చిటచిటమంటోంది. లోపల గాలి చేరింది, కుళ్ళు పాకుతోంది. ఇవాళే పెద్దాసుపత్రికి పంపించాలి."

"నిన్ను అడిగానా?"

"లేదక్కా. కానీ..."

"నీకు పదో పేజీ కావాలి. అందుకని నీకు ప్రతి కాలూ చిటచిటమంటుంది. పంపిస్తే గురువారం నవ్వేది నన్ను చూసి, నిన్ను చూసి కాదు." తర్వాత దర్జీ వైపు తిరిగింది. చాలా మర్యాదగా మాట్లాడింది. "నేను సగం డాక్టర్ని కదండీ, సగం వైద్యమే చేస్తాను. ఈ మాత్రలు వేసుకోండి. మిగతా సగానికి గురువారం రండి, పూర్తి డాక్టరు వస్తాడు."

దర్జీ నవ్వాడు. ఎప్పుడో తను అన్న మాట తిరిగి వచ్చిందని తెలిసి, సిగ్గుపడి నవ్వాడు. మాత్రలు జేబులో వేసుకుని దణ్ణం పెట్టాడు. పెద్దామె రిజిస్టరులో 'వేలికి గాయం' అని రెండు ముక్కలు రాసి తర్వాతి మనిషిని పిలిచింది.

అతను గుమ్మం దాటుతుంటే చిన్నామె వెంట వెళ్ళింది. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. ఆమె గడప మీద నిలబడింది. దర్జీ వెనక్కి తిరిగి, "ఏమ్మా?" అన్నాడు. ఆమె ఒకసారి లోపలికి చూసింది. లోపల బల్ల మీద ఆమె పుస్తకం ఉంది, దాని పక్కన ఎర్ర పెన్ను ఉంది.

"మెట్లు చూసుకుని దిగండి" అంది.

అతను చూసుకుని దిగాడు. నాకూ నోరుంది. వీధి చివరిదాకా నడిచి, ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి పొమ్మని చెప్పడానికి నాకు ఏ సంతకమూ అక్కర్లేదు. నేను గుడ్డ పిండి, గడప తుడిచాను.

బుధవారం మధ్యాహ్నం అతని భార్యా, పక్కింటివాళ్ళూ తోపుడు బండి మీద అతన్ని తీసుకొచ్చారు. కాలు మోకాలి దాకా నల్లబడింది. వాసనకు బెంచీ మీదవాళ్ళు లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. అతనికి తెలివి లేదు. అప్పుడు పెద్దామె కుర్చీలోంచి లేచింది. చీటీ రాసి, బండిని అలాగే పెద్దాసుపత్రికి పంపింది. గురువారం తెల్లారేసరికి తొడ దాకా తీసేశారని కబురొచ్చింది. ప్రాణం దక్కింది.

ఆ రోజు డాక్టరు వచ్చి అడిగాడు. సోమవారం చిన్న గాయమే ఉందని పెద్దామె చెప్పింది, రిజిస్టరు చూపించింది. "చక్కెరవాళ్ళతో ఇంతే. రెండు రోజుల్లో ఎలా ఉండేది ఎలా అవుతుందో చెప్పలేం" అని అతను టీ తాగి వెళ్ళిపోయాడు. అక్కడితో ఆ సంగతి అయిపోయేదే.

శుక్రవారం సాయంత్రం రోగులంతా వెళ్ళాక చిన్నామె పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండు వందలవ పేజీ, పంపాల్సినవాటిలో పదోది. నేను కట్టుగుడ్డలు మడత పెడుతున్నాను.

పెద్దామె మొదట కళ్ళతో చదువుకుంది. తర్వాత గట్టిగా చదివింది. 'బుధవారం. మా పర్యవేక్షకురాలు పాదాన్ని నొక్కి చూసి, చర్మం కింద గాలి చేరిందని గుర్తించి, ఆ శబ్దం ఎలా ఉంటుందో నాకు నేర్పించి, రోగిని వెంటనే పెద్దాసుపత్రికి పంపించారు.'

"బాగానే రాశావే" అంది. ఏడాదిలో ఆ మాట మొదటిసారి. మళ్ళీ చదువుకుంది. చదువుతూ చదువుతూ మొహం ముడుచుకుంది. "బుధవారం ఏమిటి? బుధవారం నల్లగా ఉన్న కాలుని చూసి గుడ్డివాడైనా చెబుతాడు. ఇందులో నేను గుర్తించింది ఏముంది? కాలేజీవాళ్ళు నవ్వరూ?"

చిన్నామె తల దించుకుని నిలబడింది.

"సోమవారమే నొక్కి చూశాను, అప్పుడే తెలిసింది. అలా ఉండాలి."

"సోమవారం నువ్వు నొక్కలేదు కదక్కా."

"ఎవరు చూశారు?" పెద్దామె నా వైపు తిరిగింది. "ఆయా, నువ్వేమైనా చూశావా?"

"నేనేం చూడలేదమ్మా" అన్నాను.

పెద్దామె పెన్ను తీసుకుంది. 'బుధవారం' మీద గీత కొట్టి, పైన తన చేతివ్రాతతో 'సోమవారం' అని రాసింది. కింద పూర్తి సంతకం పెట్టింది. పదకొండేళ్ళుగా ఆమెను ఎవరూ మెచ్చుకోలేదు. ఆ రోజు తన్ను తానే మెచ్చుకుంటూ సంతకం పెట్టింది. సోమవారమే తెలిస్తే సోమవారమే ఎందుకు పంపలేదని ఎవరైనా అడుగుతారన్న ఆలోచన ఆమెకు రాలేదు. నాలాంటి దానికే తట్టిన ముక్క అది. కానీ పొగడ్త ముందు పెడితే మనిషికి తేదీలు కనబడవు.

చిన్నామెకు కనబడ్డాయి. పుస్తకం మూయబోతున్న పెద్దామె చెయ్యి దగ్గర వేలు పెట్టి, ఎప్పటిలాగే మెత్తగా అంది, "కొట్టేసిన చోట పక్కన పొట్టి సంతకం కూడా ఉండాలక్కా. రూలు. లేకపోతే పేజీ చెల్లదంటారు."

పెద్దామె పొట్టి సంతకం పెట్టింది. చిన్నామె వంగి, సిరా ఆరేదాకా దానిమీద నోటితో ఊదింది.

మూడు వారాల తర్వాత పెద్దాసుపత్రి నుంచి ముగ్గురు వచ్చారు. కాలేజీలో ఆ పది పేజీలూ చదివినవాళ్ళకు పదో పేజీలో సోమవారం అని ఉంది గానీ ఆ రోజు రోగిని పంపిన చీటీ కనబడలేదు. చీటీ బుధవారానిది ఉంది. రిజిస్టరులో వేలికి గాయం అని ఉంది. మా మందుల గదిలో బల్ల వేసుకుని ఒక్కొక్కరినీ పిలిచారు. తలుపు పలచటిది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, అన్నీ వినబడ్డాయి.

"అది రాసింది నేను కాదండీ, ఆమె. నేను ఊరికే సంతకం పెట్టాను" అంది పెద్దామె.

"తేదీ దిద్దింది ఎవరు? ఈ పొట్టి సంతకం ఎవరిది?"

పెద్దామె గొంతు మారింది. "నాకు తెలియదండీ ఆ రోజు. నిజం చెబుతున్నాను. నొక్కింది ఆమే. చిటచిటమంటోందని చెప్పింది ఆమే. నేను వినిపించుకోలేదు. గొప్పకి పోయి అలా దిద్దాను."

చిన్నామెను పిలిచారు. ఆమె పుస్తకంలో ఉన్నదే చెప్పింది, ఒక మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"నీకూ తెలిసింది కదమ్మా. రోగికి నువ్వెందుకు చెప్పలేదు?"

"నేను నేర్చుకునేదాన్నండీ. రోగితో విడిగా మాట్లాడే అధికారం నాకు లేదని రూలు."

రూలు ఉంది. వాళ్ళు రూల్సు పుస్తకం తిరగేసి చూసుకున్నారు.

ఆఖరున నన్ను పిలిచారు. కూర్చోమన్నారు. క్లినిక్కులో నన్ను ఎవరైనా కూర్చోమనడం అదే మొదలు.

"సోమవారం దర్జీ కాలు ఎవరు నొక్కి చూశారో నువ్వు చూశావా?"

లోపలికి వెళ్ళేముందే నేను లెక్క చూసుకున్నాను. చిన్నామె నొక్కిందని చెబితే, పెద్దామెది పొరపాటు అవుతుంది, మందలించి వదిలేస్తారు, కుర్చీ కుర్చీలాగే ఉంటుంది. చిన్నామె పుస్తకం మాత్రం అబద్ధమవుతుంది, చదువు పోతుంది, మళ్ళీ వార్డు. పెద్దామె నొక్కిందని చెబితే, తెలిసి తెలిసి మనిషిని ఇంటికి పంపినట్టు. ఆమె పోతుంది, చిన్నామె ఉంటుంది. నిజం చెబితే మిగిలేది పెద్దామె, నన్ను చూసి, నువ్వు కూడా ఊరుకున్నావు కదే అనగల మనిషి. అబద్ధం చెబితే మిగిలేది చిన్నామె, నాకు జీవితాంతం బాకీ పడి ఉండే మనిషి.

"పెద్దామేనండీ నొక్కింది" అన్నాను. "నొక్కి, ఇదిగో ఇలా ఉంటుంది అని చిన్నామెకు చూపించింది."

"మరి ఎందుకు పంపలేదు?"

"దర్జీ ఆమెను సగం డాక్టరు అన్నాడండీ. ఆ కోపం."

ఇది మాత్రం నిజమే. అందుకే వాళ్ళు మొదటిది కూడా నమ్మారు.

బయటికి వస్తుంటే పెద్దామె బెంచీ మీద ఉంది. అంతా విన్నది. నన్ను తిట్టలేదు. "ఆయా, నీ కాగితం మీద పదకొండేళ్ళు సంతకం పెట్టాను" అంది.

"పన్నెండో ఏడు ఎవరు పెడతారమ్మా?" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండవలసింది. అనేశాను.

మందు రాసే అధికారం తీసేసి ఆమెను పెద్దాసుపత్రి వార్డులో వేశారు, చిన్నామె పద్నాలుగేళ్ళు నిలబడిన వార్డులోనే. చిన్నామెకు ఇక్కడి కుర్చీ వచ్చింది. వాళ్ళ అత్తగారు క్యారేజీ మూత బిగిస్తూ, "ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు, అంతే. పెద్దది ఇంటికొచ్చి కాళ్ళకి నూనె రాసుకుంటుంది, చిన్నది లోపలికెళ్ళి తలుపేసుకుంటుంది. పాపం మీ క్లినిక్కులో మాటలన్నీ అయిపోతాయా ఏంటి, ఇంట్లో ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడరు" అంది. నేను క్యారేజీ తీసుకుని వచ్చేశాను.

కొత్తలో చిన్నామె ప్రతి కాలూ వంగి నొక్కేది, ప్రతి ఛాతీ రెండుసార్లు వినేది. మొదటి నెల తొమ్మిది మందిని పెద్దాసుపత్రికి పంపింది. అందులో ఏడుగురిని తిప్పి పంపారు. గురువారం డాక్టరు టీ కప్పు కింద పెట్టి, "సిస్టర్, మీ ఇంట్లో ఒకావిడ అసలు పంపదు, ఒకావిడ అందర్నీ పంపిస్తుంది. మధ్యలో ఇంకో కోడలు ఎవరూ లేరా?" అన్నాడు. బెంచీ మీదవాళ్ళు నవ్వారు. తర్వాతి నెల నలుగురిని పంపింది. ఆ తర్వాత ఇద్దరిని. తృప్తి కాగితం వస్తే చివరి గడిలో టిక్కు పెట్టి, మడిచి నాకిచ్చింది. నా కాగితం మీద అడగకుండానే సంతకం పెట్టింది.

ఇంతకాలమూ ఆమె వార్డు రోజుల పాత కోటుతోనే నెట్టుకొచ్చింది. మోచేతుల దగ్గర చిరిగాక కొత్తది కావాలంది. మా వీధిలో దర్జీ ఇంకొకడు లేడు. నేనే వెళ్ళి పిలిచాను.

అతను చంక కింద కర్ర పెట్టుకుని, మూడు మెట్లూ ఒక్కొక్కటే ఎక్కి వచ్చాడు. మిషను తొక్కలేక ఇప్పుడు చేతి కుట్టే కుడుతున్నాడు. మెళ్ళో టేపు మాత్రం అలాగే వేలాడుతోంది. చిన్నామె లేచి నిలబడింది. అతను భుజాలు కొలిచాడు, చేతులు కొలిచాడు. పొడుగు దగ్గరికి వచ్చేసరికి వంగలేకపోయాడు.

"ఆయా, కింద కొస కాస్త పట్టుకుంటావా" అన్నాడు.

నేను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని టేపు కొస పట్టుకున్నాను. అతని ప్యాంటు ఒక కాలు పైకి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. అది నా మొహానికి ఎదురుగా ఉంది.

దర్జీ ఆమె మెడ దగ్గర టేపు ఆనించి, మామూలుగా, గుడ్డ గురించి మాట్లాడినట్టే అన్నాడు. "ఆ రోజు గుమ్మం దాకా వచ్చారమ్మా మీరు. ఏదో చెబుతారనుకున్నాను. మెట్లు చూసుకుని దిగమన్నారు."

చిన్నామె కిటికీ వైపు చూస్తోంది. బయట బెంచీ నిండా మనుషులున్నారు.

"ఆ మెట్లు దిగేటప్పుడు రెండు కాళ్ళూ ఉన్నాయి నాకు" అన్నాడు అతను. "ఇప్పుడు చెప్పండి, ఏం చెబుదామనుకున్నారు?"

చిన్నామె అతని వైపు తిరగలేదు. నా వైపు వంగి చూసింది. ఏడాదంతా సరే అక్కా, సరే అక్కా అన్న ఆ మెత్తటి గొంతే.

"ఆయా, ఇంకో రెండంగుళాలు కిందికి లాగు."

నేను లాగాను. దర్జీ అంకె చూసి, చెవి మీద పెన్సిలు తీసి, కాగితం మీద రాసుకున్నాడు.